ఊరి చుట్టూ గీసిన గీత: ఇజ్రాయెల్‌లో అరబ్బు పౌరుల ఇళ్లు ఎందుకు ‘అక్రమం’ అవుతున్నాయి?

మంజీర | శనివారం రాత్రి 9:12

మాది జగిత్యాల జిల్లా. మా తమ్ముడు ఆరేళ్లుగా ఇజ్రాయెల్ ఉత్తర భాగంలో, గలిలీ కొండల్లో, ఒక వృద్ధుడికి సంరక్షకుడిగా పనిచేస్తున్నాడు. మా వైపు నుంచి ఈ పనికి వెళ్లినవారు చాలామంది ఉన్నారు. ఈ వేదికలోనూ ఉండవచ్చు. నిన్న రాత్రి ఫోనులో వాడు చెప్పిన సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ వృద్ధుడికి వారానికి రెండుసార్లు వ్యాయామం చేయించడానికి ఒక అరబ్బు కుర్రవాడు వస్తాడు. వాళ్ల పెదనాన్న ఇంటిని తెల్లవారుజామున పోలీసులు బుల్డోజర్ తెచ్చి పడగొట్టారట. నేల వారిదే. తాతల నాటి కాగితాలు ఉన్నాయి. ఎవరి స్థలమూ ఆక్రమించలేదు. “అక్కా, సొంత పొలంలో కట్టుకున్న ఇల్లు నేరం ఎలా అవుతుంది?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

నేను అడుగుతున్నది గాజా గురించో, వెస్ట్ బ్యాంకు గురించో కాదు. ఇజ్రాయెల్ పౌరసత్వం ఉండి, అక్కడే ఓటు వేసి, అక్కడే పన్ను కట్టే అరబ్బుల గురించి. ఆ దేశ జనాభాలో వారు సుమారు ఐదో వంతు. తెలిసినవారు చెప్పండి.

చిత్రావతి | శనివారం రాత్రి 10:47

మంజీర గారూ, నేను పట్టణ ప్రణాళిక విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి విరమించాను. ఇజ్రాయెల్ ప్రణాళిక చట్టాన్ని ఉద్యోగంలో ఉండగానే ఆసక్తి కొద్దీ చదివాను. మీ తమ్ముడి ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లో లేదు, ఆ ఊరి పటంలో ఉంది.

మనకు గ్రామకంఠం అంటే ఏమిటో తెలుసు. ఆ హద్దు లోపల ఇళ్లు, బయట పొలాలు. ఇప్పుడు ఒక ఊరి గ్రామకంఠాన్ని 1960లలో ఉన్న ఇళ్లను ఆనుకుని గీసి, ఆ తరువాత రెండు మూడు తరాలపాటు ఎవరూ కదపలేదని ఊహించండి. ఇజ్రాయెల్ ఏర్పడిన నాటికి అక్కడ మిగిలిన అరబ్బులు లక్షన్నర మంది. ఇప్పుడు 20 లక్షలు దాటారు. మనుమలు ఎక్కడ ఉండాలి? మేడ మీద మేడ వేశారు, పెరళ్లలో గదులు వేశారు, అదీ చాలక గీత దాటి తమ పొలంలోనే పునాది తీశారు. 1965లో వచ్చిన ప్రణాళిక, నిర్మాణ చట్టం ప్రకారం ఆమోదం పొందిన ప్రణాళిక లేనిదే అనుమతి పత్రం ఇవ్వరు. ఊరికి కొత్త ప్రణాళిక లేదు కాబట్టి అనుమతి లేదు, అనుమతి లేదు కాబట్టి ఇల్లు అక్రమం. ఆ పెద్దాయన చేసిన తప్పు ఇంతే.

ప్రణాళిక ఎందుకు రాలేదని అడగాలి. ఆమోదించే అధికారం చాలావరకు జిల్లా ప్రణాళిక సంఘాల చేతిలో ఉంటుంది. వాటిలో అరబ్బుల మాట చెల్లేంత సంఖ్య లేదు. దేశంలోని నేలలో సుమారు 93 శాతం ప్రభుత్వ యాజమాన్యంలోనో, యూదు జాతీయ నిధి యాజమాన్యంలోనో ఉంది. యూదుల నివాసానికి నేల సేకరించడం కోసం పెట్టుకున్న సంస్థ అది. ఆ నిధి వాటా ఒక్కటే దాదాపు 13 శాతం. అరబ్బు స్థానిక సంస్థల పరిధిలోకి వచ్చే నేల మూడు శాతం లోపే. ఐదో వంతు జనాభాకు మూడు శాతం! నేను పటాలతో బతికినవాణ్ణి. ఇంత వంకర పటం చూసినప్పుడు కడుపు మండకుండా ఉండదు.

గలిలీ పేరు మీరే ఎత్తారు కాబట్టి ఒక ఉదాహరణ. సఖ్నీన్ అనే అరబ్బు పట్టణం ఉంది. జనాభా 30 వేల పైమాటే. దాని పరిధి సుమారు 10 వేల దునాములు. దునాము అంటే వెయ్యి చదరపు మీటర్లు, మన లెక్కలో పావు ఎకరం. అంటే 2,500 ఎకరాలు. దాని చుట్టూ మిస్గావ్ ప్రాంతీయ మండలి ఉంది, అంటే ఎక్కువగా యూదుల చిన్న ఊళ్లను కలిపిన స్థానిక సంస్థ. 1982లో ఏర్పడింది. జనాభా దాదాపు అంతే. పరిధి సుమారు 1,80,000 దునాములు, 44 వేల ఎకరాలు దాటుతుంది. ఆ మండలిలో ఆరు బెదూయిన్ అరబ్బు (ఒకప్పటి సంచార తెగల వారి) ఊళ్లూ ఉన్నాయి, అది చెప్పకపోతే అన్యాయం. అయినా సఖ్నీన్‌వారు దాదాపు ఏ దిక్కున నాలుగు అడుగులు వేసినా మిస్గావ్ హద్దే తగులుతుంది.

కొల్లేరు | ఆదివారం ఉదయం 7:05

నేను ఇజ్రాయెల్‌ను అభిమానిస్తాను. ఆ మాట దాచుకుని వాదించడం నాకు ఇష్టం లేదు. చిత్రావతి గారి లెక్కలు చదివాను. కానీ కొన్ని విషయాలు అడగాలి.

అనుమతి లేని కట్టడాన్ని కూల్చడం ఏ దేశంలోనైనా ఉంది. అక్కడి అరబ్బులు అపార్టుమెంట్లలో ఉండటానికి ఇష్టపడరని, ప్రతి కొడుకుకూ తండ్రి నేలలోనే విడిగా ఇల్లు కావాలంటారని చదివాను. అలాగైతే ఎంత నేల ఇచ్చినా చాలదు కదా? రెండోది, ప్రభుత్వం ఏమీ చేయలేదనడం సరికాదు. 2015 డిసెంబరులో 922వ నంబరు తీర్మానం చేసి అరబ్బు ప్రాంతాల కోసం వందల కోట్ల షెకెళ్ల (షెకెల్ అక్కడి నాణెం) అయిదేళ్ల ప్రణాళిక ప్రకటించింది. 2021లో దానికి కొనసాగింపుగా 550వ నంబరు తీర్మానం వచ్చింది. అరబ్బు న్యాయమూర్తులు, వైద్యులు, శాసనసభ్యులు ఉన్న దేశం అది. దాన్ని పూర్తిగా దుర్మార్గంగా చూపడం నాకు నచ్చలేదు.

తుంగభద్ర | ఆదివారం ఉదయం 8:30

మంజీర గారూ, మీ తమ్ముడు చేస్తున్న పనినే నేను హైఫాలో తొమ్మిదేళ్లు చేసి మూడేళ్ల కింద తిరిగి వచ్చాను. నాకు చట్టాలు తెలియవు. చూసింది చెబుతాను.

నేను చూసుకున్న అవ్వను ఆసుపత్రిలో చేర్చినప్పుడల్లా ఒక అరబ్బు నర్సు ఉండేది. హీబ్రూ ఎంత చక్కగా మాట్లాడేదంటే, ఆమె అరబ్బు అని నాకు మూడో రోజు దాకా తెలియలేదు. ఆసుపత్రి దగ్గరలో అద్దె ఇల్లు వెతుకుతూ ఉండేది. ఒకసారి నా ఎదుటే ఫోను చేసింది. అవతలి మనిషి బాగానే మాట్లాడాడు, గదులు ఎన్నో చెప్పాడు, సాయంత్రం వచ్చి చూడమన్నాడు. చివర్లో పేరు అడిగాడు. ఈమె చెప్పింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తరువాత, “మా అన్నయ్య నిన్ననే ఎవరికో మాట ఇచ్చాడట, ఇప్పుడే గుర్తొచ్చింది” అన్నాడు. ఆమె ఫోను పెట్టేసి, అవ్వకు రక్తపోటు చూడటానికి వెళ్లిపోయింది. కోపం కూడా తెచ్చుకోలేదు. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

హైఫాలో యూదులూ అరబ్బులూ ఒకే వీధిలో ఉండే చోట్లు చాలా ఉన్నాయి, అదీ నిజమే. సఫేద్ పట్టణంలో మాత్రం అరబ్బు విద్యార్థులకు గదులు అద్దెకు ఇవ్వవద్దని అక్కడి ప్రధాన రబ్బీ (యూదు మతగురువు) పిలుపునిచ్చాడని, 2010లో పదుల కొద్దీ రబ్బీలు అలాంటి లేఖ మీద సంతకాలు చేశారని మేమందరం విన్నాం. ఆ లేఖను తిట్టిన యూదులూ చాలామంది ఉన్నారు. మా అవ్వ వారిలో ఒకరు. ఆమె ఐరోపా నుంచి తప్పించుకుని వచ్చిన మనిషి. “మాకూ ఇల్లు ఇచ్చేది లేదన్నారు ఒకప్పుడు” అనేది.

పినాకిని | ఆదివారం మధ్యాహ్నం 12:20

న్యాయవాదిగా రెండు మాటలు. అద్దె ఇంటి యజమాని పక్షపాతం ఒక ఎత్తు. చట్టమే తలుపు దగ్గర కాపలా నిలబడటం మరో ఎత్తు.

బాఖా అల్ గర్బియ్యె అనే అరబ్బు పట్టణానికి చెందిన దంపతులు 1995లో కత్సీర్ అనే కొత్త ఊళ్లో ఇల్లు కట్టుకోవడానికి స్థలం అడిగారు. యూదులకే ఇస్తామన్నారు. నేల ప్రభుత్వానిదే, కానీ యూదుల కోసం ఊళ్లు ఏర్పరిచే యూదు ఏజెన్సీ అనే సంస్థకు అప్పగించింది కాబట్టి ఆ సంస్థ నియమమే నియమమట. పౌరహక్కుల సంఘం వారి తరఫున సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2000 మార్చిలో ప్రధాన న్యాయమూర్తి అహరోన్ బరాక్ రాసిన తీర్పు వచ్చింది. ప్రభుత్వం తాను నేరుగా చేయకూడని వివక్షను మరో సంస్థ చేతుల మీదుగానూ చేయకూడదని అందులో తేల్చారు. ఆ దంపతుల ఇంటిపేరు మీద దానిని కఆదాన్ తీర్పు అంటారు. తీర్పు తరువాత కూడా ఆ కుటుంబానికి స్థలం చేతికి రావడానికి ఏళ్లు పట్టింది.

ఆ తీర్పును పక్కకు నెట్టే చట్టం 2011లో వచ్చింది, ప్రవేశ కమిటీల చట్టం. దక్షిణాన ఉన్న నెగెవ్ ఎడారిలో, గలిలీలో 400 కుటుంబాల లోపు ఉన్న ఊళ్లు, కొత్తగా వచ్చి చేరేవారిని కమిటీ ద్వారా వడపోయవచ్చు. జాతి, మతం కారణంగా తిరస్కరించరాదని చట్టంలో రాసి ఉంది. కానీ ‘ఊరి సామాజిక జీవనానికి తగినవారు కారు’, ‘ఊరి సామాజిక, సాంస్కృతిక అల్లికకు సరిపోరు’ అనే కారణాలు చూపవచ్చు. ముందు తలుపు మూసినట్టు చూపి పెరటి తలుపు బార్లా తెరవడమే ఇది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఈ చట్టంపై వచ్చిన పిటిషన్లను కొట్టివేసింది. 2023 జులైలో శాసనసభ ఆ పరిమితిని 700 కుటుంబాలకు పెంచింది, వర్తించే ప్రాంతాలనూ విస్తరించింది.

కొల్లేరు గారూ, మీరు ‘ఏ దేశంలోనైనా’ అన్నారు. మన దేశం సంగతి నేనే చెబుతాను. ఇజ్రాయెల్ ప్రవేశ కమిటీలకు ఆధారం బ్రిటిష్ పాలన నాటి సహకార సంఘాల చట్టం. మన సహకార గృహ సంఘాల చట్టాల పుట్టుకా అదే పాలనలో. 2005లో మన సుప్రీంకోర్టు, అహ్మదాబాదులోని ఒక పార్సీ సహకార గృహ సంఘం తన సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును నేను అప్పుడూ తప్పు అన్నాను, ఇప్పుడూ అంటాను. అయితే ఇజ్రాయెల్‌లో ఆ కమిటీ కూర్చునేది ప్రభుత్వ నేల మీద. ఆ నేల మీద అరబ్బు పౌరుడికీ అంతే హక్కు ఉండాలి.

కొల్లేరు | ఆదివారం మధ్యాహ్నం 1:02

పార్సీ సంఘం తీర్పు గురించి నాకు తెలియదు. కత్సీర్ తీర్పు గురించి కూడా ఇప్పుడే చదువుతున్నాను. తొందరపడి రాయను. నా మొదటి ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు.

చిత్రావతి | ఆదివారం సాయంత్రం 4:15

కొల్లేరు గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. తండ్రి నేలలో ఇల్లు కట్టుకోవాలనే కోరిక అక్కడ బలంగా ఉంది. మన పల్లెల్లో లేదా? అన్నదమ్ములు ఒకే గోడకు ఇటూ అటూ ఉండాలని కోరుకున్న తరం మనదీ. కానీ అదే కారణమనడం సగం మాట.

యూదు పట్టణం పెరగాలంటే ప్రభుత్వ నేలకు లేఅవుట్ వేసి, రోడ్లు వేసి, వేలానికి పెడతారు. అరబ్బు పట్టణం పరిధిలో ప్రభుత్వ నేల దాదాపు ఉండదు. ఉన్నదంతా వారసత్వపు ముక్కలు, ఒక్కో ముక్కకు ఇరవై మంది హక్కుదారులు. అలాంటిచోట రోడ్డుకు, బడికి స్థలం తీయాలంటే భూ సమీకరణ చేయాలి. అది ఎంత కష్టమో అమరావతి చూసినవారికి చెప్పనక్కర్లేదు. నేల లేని యువ దంపతులకు సొంత ఊళ్లో కొనుక్కునే చోటు లేదు. బయట ఊళ్లో కొందామంటే పినాకిని గారు చెప్పిన కమిటీ అడ్డు.

పట్టణాల్లో కమిటీలు ఉండవు. అయినా యూదులు ఎక్కువగా ఉండే అఫూలా పట్టణంలో ఇళ్ల స్థలాల టెండరులో అరబ్బులు పెద్ద సంఖ్యలో గెలిస్తే నిరసనలు జరిగాయి, చివరికి కోర్టు ఆ టెండరునే రద్దు చేసింది. 2018లో గలిలీలోని యూదుల ఊరు క్ఫార్ వ్రదీమ్‌లో స్థలాలు దక్కినవారిలో సగానికి పైగా అరబ్బులని తేలగానే అక్కడి అధ్యక్షుడు అమ్మకం నిలిపివేశాడు. వీరంతా తండ్రి నేల వదిలి, డబ్బు పెట్టి కొనుక్కోవడానికి వచ్చినవారు.

922వ తీర్మానం మంచిదే. ఆ డబ్బుతో కొన్ని ఊళ్ల ప్రణాళికలు కదిలాయి, కాదనను. కానీ మరో ఏడాదిన్నరకే, 2017 ఏప్రిల్‌లో, కామినిట్జ్ చట్టం తెచ్చారు. అనుమతి లేని కట్టడాలపై జరిమానాలు విపరీతంగా పెంచి, కూల్చివేతను కోర్టులు ఆపే వెసులుబాటును తగ్గించారు. ప్రణాళిక నత్తనడక నడుస్తుంటే శిక్షను గుర్రం ఎక్కించారు. 2020లో కొంతమేర సడలించవలసి వచ్చింది. కరెంటు సంగతి కూడా తెలుసుకోండి. అనుమతి లేని ఇంటికి విద్యుత్తు కనెక్షన్ ఇవ్వరు. 2022 జనవరిలో ప్రత్యేక చట్టం చేస్తే గాని వేల ఇళ్లకు ఆ దారి తెరుచుకోలేదు.

నల్లమల | ఆదివారం రాత్రి 8:40

అందరూ గలిలీ దగ్గరే ఆగారు. దక్షిణాన నెగెవ్ ఎడారి గురించి ఎవరూ మాట్లాడలేదు. అక్కడ గీత బిగించడం కాదు, ఊరే పటంలో లేదు.

గుర్తింపు లేని బెదూయిన్ ఊళ్లు సుమారు 35. కొన్ని ఇజ్రాయెల్ కంటే పాతవి. కొన్ని, తొలి ఏళ్లలో అరబ్బు పౌరులను సైనిక పాలన కింద ఉంచినప్పుడు ఆ సైన్యమే తెచ్చి దింపినవి. 1965 చట్టం వచ్చినప్పుడు పటంలో వీటిని వ్యవసాయ భూమిగా రంగు వేశారు, అంతే. ఒక్క పూటలో వేలమంది తమ ఇళ్లలో ఉంటూనే చట్టవిరుద్ధులయ్యారు. నీటి గొట్టం లేదు, కరెంటు తీగ లేదు, ఊరి పేరుతో బోర్డు లేదు.

అలాంటి ఊరే అల్ అరాకీబ్. దాన్ని 2010 జులైలో మొదటిసారి నేలమట్టం చేశారు. ఆ తరువాత మళ్లీ కట్టారు, మళ్లీ కూల్చారు. ఆ లెక్క 200 దాటింది. చివరికి మిగిలినవారు తమ పూర్వీకుల శ్మశానం ఆవరణలో తలదాచుకున్నారు. ఆ సమాధులు 1914 నాటివి. ఇక్కడ ఎవరూ ఉండేవారు కాదని చెప్పేవారికి ఆ రాళ్లే జవాబు.

ఉమ్ అల్ హీరాన్ కథ నన్ను ఇంకా ఎక్కువ కలచివేస్తుంది. 1956లో సైనిక అధికారులే ఒక బెదూయిన్ తెగను అక్కడికి తరలించారు. దాదాపు యాభై ఏళ్ల తరువాత, అదే చోట యూదుల కోసం కొత్త ఊరు కట్టాలి, మీరు ఖాళీ చేయండి అన్నారు. 2015లో సుప్రీంకోర్టు సరేనంది. 2017 జనవరిలో కూల్చివేతకు వచ్చినప్పుడు ఒక గ్రామస్థుడు, ఒక పోలీసు చనిపోయారు. 2024 నవంబరులో మిగిలిన ఊరినీ తొలగించారు. ఎడారిలో చోటు లేకనా? ఊరు కట్టడానికి అంత నేల ఉండగా, ఊరున్న చోటే కావలసి వచ్చింది.

పటంలో లేకపోవడం ప్రాణాల మీదికీ వస్తుంది. 2023 అక్టోబరు 7న రాకెట్లు పడ్డప్పుడు గుర్తింపు లేని ఊళ్లలో పిల్లలతో సహా బెదూయిన్లు చనిపోయారు. దాక్కోవడానికి రేకుల గోడలు తప్ప ఏమీ లేవు. అనుమతితో కట్టే కొత్త ఇంట్లో కాంక్రీటు రక్షణ గది తప్పనిసరి. అనుమతే లేని ఇంటికి ఆ గది ఎక్కడిది?

సింగూరు | ఆదివారం రాత్రి 9:25

నేను ఇనుప కడ్డీలు కట్టే మేస్త్రిని. 2024లో ఇజ్రాయెల్ పని కోసం హైదరాబాదులో పరీక్షలు పెట్టారు కదా, నేనూ వెళ్లాను. మాతో చాలామంది వచ్చారు. 2023 యుద్ధం తరువాత వెస్ట్ బ్యాంకు కూలీలను రానివ్వడం మానేశారు, ఆ ఖాళీల్లోకి మమ్మల్ని పిలిచారు. నాకు పని దొరకలేదు, మా ఊరి మరొకరికి దొరికింది. అతనితో ఇప్పుడే మాట్లాడాను. అతను కడుతున్న భవనం ఎవరి కోసమో అతనికి తెలియదు. జీతం బాగుందని, ఇంటికి డబ్బు పంపుతున్నానని చెప్పాడు. అతన్ని తప్పు పట్టలేను. కానీ ఇళ్లు కట్టే చేతులు ఇన్ని దేశాల నుంచి రప్పించగలిగినవారు, తమ పౌరుడికి ఒక పునాది గీత గీసి ఇవ్వలేరా అనిపించింది.

పినాకిని | సోమవారం ఉదయం 6:50

నల్లమల గారి మాటకు చేర్పు. నేల కోసం పోరాటం కొత్తది కాదు. 1976లో గలిలీలో వేల దునాములు స్వాధీనం చేసుకుంటామని ప్రభుత్వం ప్రకటిస్తే మార్చి 30న అరబ్బులు సమ్మె కట్టారు. ఆరుగురు చనిపోయారు. ఇప్పటికీ ఏటా ఆ రోజును భూమి దినంగా జరుపుకుంటారు. సఖ్నీన్ ఆ పోరాటానికి కేంద్రాల్లో ఒకటి.

దానికి పన్నెండేళ్ల ముందు, 1964లో, దేర్ అల్ అసద్, బిఇనా, నహ్ఫ్ ఊళ్ల నుంచి తీసుకున్న నేల మీద కర్మియేల్ నగరం వెలిసింది. ఇప్పుడు అరబ్బులూ కొందరు అక్కడ ఇళ్లు కొనుక్కుని ఉంటున్నారు. ఊళ్లో అరబ్బీ బడి లేదు. పిల్లలు పక్క ఊరి బడికి వెళ్లే ప్రయాణ ఖర్చు ఇప్పించమని ఒక కుటుంబం కోర్టుకు వెళ్లింది. 2020లో కింది కోర్టు, కర్మియేల్ యూదు నగరమని, గలిలీలో యూదు నివాసాన్ని బలపరచడానికి ఏర్పడిందని చెప్పి కొట్టివేసింది. అందుకు, ఇజ్రాయెల్ యూదుల జాతి రాజ్యమని ప్రకటించిన 2018 నాటి జాతి రాజ్య చట్టాన్ని ఆధారం చేసుకుంది. యూదు నివాస విస్తరణ జాతీయ విలువ అని ఆ చట్టంలో ఉంది. పై కోర్టు ఆ వాదన తప్పని చెప్పింది, కానీ డబ్బు మాత్రం ఇప్పించలేదు. బస్సు ఛార్జీ అడిగిన పిల్లలకు, ఈ ఊరు మీది కాదని జవాబు వచ్చింది.

కొల్లేరు | సోమవారం రాత్రి 10:10

నిన్నటి నుంచి చదువుతూనే ఉన్నాను. ఇజ్రాయెల్ మీద నా అభిమానం పోలేదు. ఆ దేశపు కోర్టే 2000లో అంత స్పష్టంగా చెప్పిందంటే, ఈ మాటలు శత్రువులు కల్పించినవి కావని ఒప్పుకుంటున్నాను. ‘అనుమతి లేదు కాబట్టి కూల్చారు’ అని శనివారం దాకా నేను అనేకసార్లు అన్నాను. అనుమతి అడగడానికి చోటే లేదని నాకు తెలియదు. మంజీర గారూ, ఆ కుటుంబం ఇప్పుడు ఎక్కడ ఉంది?

మంజీర | మంగళవారం రాత్రి 9:30

అందరికీ నమస్కారం. ఇవన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు ఆగమన్నాడు.

కొల్లేరు గారూ, ఆ పెద్దాయన కుటుంబం ఆయన తమ్ముడి ఇంట్లో ఒక గదిలో ఉంటోంది. ఏడుగురు. కూల్చిన ఖర్చు కూడా వారి దగ్గరే వసూలు చేస్తామని నోటీసు వచ్చిందట. ఆ కుర్రవాడు మాటిమాటికీ ‘తోఖ్నీత్, తోఖ్నీత్’ అంటుంటే అదేదో మనిషి పేరనుకున్నాడట మా వాడు. హీబ్రూలో ప్రణాళిక అని అర్థమట. పదకొండేళ్లుగా ఆ ఊరివారు దానికోసం ఎదురుచూస్తున్నారు. చిత్రావతి గారూ, వారు ఎవరిని కలవాలి? వాడు కనీసం ఆ మాటైనా అందించాలని అడుగుతున్నాడు.

చిత్రావతి | మంగళవారం రాత్రి 11:05

చెప్పండి, రాసుకోమనండి. ముందు స్థానిక మండలిలో, తమ పొలం ఉన్న భాగం కొత్త ముసాయిదా ప్రణాళికలో నివాస ప్రాంతంగా ఉందా లేదా చూసుకోవాలి. లేకపోతే ముసాయిదాను ప్రజల ముందు పెట్టినప్పుడు గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. గడువు దాటితే ఎవరూ వినరు. బిమ్‌కోమ్ అని 1999లో పట్టణ ప్రణాళికావేత్తలు పెట్టుకున్న సంస్థ ఉంది. యూదులూ అరబ్బులూ కలిసి పనిచేస్తారు, ఇలాంటి ఊళ్లకు పటాలు గీయడంలో సాయం చేస్తారు. ప్రత్యామ్నాయ ప్రణాళిక కోసం అరబ్బు కేంద్రం గలిలీలోనే, ఐలబూన్‌లో ఉంది. కోర్టు దాకా వెళ్లవలసి వస్తే హైఫాలో అదాలా అనే న్యాయసహాయ సంస్థ ఉంది.

వీలైతే ఆ ఊరి పాత పటం, కొత్త ముసాయిదా రెండూ ఫోటో తీసి పంపమనండి. హీబ్రూ నాకు రాదు, కానీ గీతలు చదవగలను.